నెగొంబోలో ట్యూనా కంపెనీ ఉద్యోగం: శ్రీలంక చేపల ఎగుమతికి ఎదుగుదల ఉందా?

తిరుపతి ల్యాబ్ అడిగారు:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జువాలజీ చేసి, నెల్లూరు వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో చేరాను. అక్కడ క్వాలిటీ ల్యాబ్ చూసేది నేనే. వారమంతా అక్కడ, ఆదివారం ఒక్కరోజు ఇంట్లో. మా ఆయనకు లీలామహల్ సెంటర్ దగ్గర సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. పాప రెండో క్లాసు చదువుతోంది.

ఈమధ్య శ్రీలంక నుంచి ఒక ఆఫర్ వచ్చింది. నెగొంబో దగ్గర ట్యూనా చేప ఎగుమతి చేసే కంపెనీ. క్వాలిటీ మేనేజర్ పోస్టు, మూడేళ్ల కాంట్రాక్టు, జీతం డాలర్లలో. డబ్బు పరంగా చూస్తే వద్దనడానికి ఏమీ లేదు. కానీ నాకు కావలసింది మూడేళ్ల జీతం ఒక్కటే కాదు. ఆ పరిశ్రమ పైకి పోయేదైతే నేనూ దాంతో పాటు పైకి పోతాను. కిందికి పోయేదైతే మూడేళ్ల తర్వాత ఇక్కడా ఉద్యోగం ఉండదు, అక్కడా ఉండదు.

నేను చదివి తెలుసుకున్నది చెప్తాను. మన దేశం 2024-25లో 62,408 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. డాలర్లలో 745 కోట్లు. అందులో పెద్ద వాటా రొయ్యలదే. శ్రీలంకది మొత్తం కలిపి ఏడాదికి 25 నుంచి 30 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉంటోంది. చుట్టూ సముద్రం ఉన్న దేశం, మనకంటే అంత తక్కువ ఎందుకు చేస్తోంది? తక్కువ ఉంది కాబట్టి పెరగడానికి చోటు ఉందనుకోవాలా, పెరగలేకనే తక్కువగా ఉండిపోయిందనుకోవాలా? ఇదే నాకు తేలడం లేదు.

ఇక్కడి పరిస్థితి కూడా చెప్పాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మా ప్లాంట్‌లో ఒక షిఫ్టు ఆపేశారు. తల తీసే పనికి వచ్చే ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నుంచే వెనక్కి వెళ్లిపోవడం చూశాను. అదే నెలలో శ్రీలంకకు 20 శాతమే వేశారు. అప్పటి నుంచే నా మనసు అటు లాగుతోంది.

నా సందేహాలు ఇవి. ట్యూనా చేప తగ్గిపోతోందంటున్నారు, నిజమేనా? 2022లో దివాలా తీసిన దేశంలో ఈ వ్యాపారం నిలబడుతుందా? రొయ్యలు తప్ప ఇంకో సరుకు ముట్టని నాలాంటిదానికి ట్యూనా చేతనవుతుందా? అక్కడ పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఇంట్లో ఒకటే టెన్షన్.


బైరాగిపట్టెడ ట్రావెల్స్:

అక్కా, నాకు చేపల వ్యాపారం తెలియదు. తిరుమల వచ్చే శ్రీలంక యాత్రికులకు చెన్నై ఎయిర్‌పోర్టు నుంచి కార్లు పెడుతుంటాను, అందుకని ఒక మాట. 2022లో వాళ్ల రాక దాదాపు ఆగిపోయింది. అంతకుముందు డాలరుకు 200 ఉన్న వాళ్ల రూపాయి 360 దాకా పడిపోయింది. పెట్రోలు బంకుల దగ్గర మూడు రోజులు క్యూలో పడుకున్నామని చెప్పినవాళ్లు నా కారులోనే కూర్చున్నారు. ఇప్పుడు మళ్లీ వస్తున్నారు, బాగానే ఖర్చు పెడుతున్నారు. రూపాయి 300 చుట్టుపక్కల నిలబడిందని వాళ్లే చెప్తారు. దేశం పూర్తిగా మునిగిపోలేదు. అయినా జీతం డాలర్లలో అన్న మాట కాగితం మీద ఉండేలా చూసుకోండి. ఏ రేటు ప్రకారం, ఏ బ్యాంకులో వేస్తారో కూడా రాయించుకోండి. దూరం గురించి భయపడకండి. తిరుపతి నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు చేరే టైములో సగం కూడా పట్టదు, అక్కడి నుంచి కొలంబోకు.


గ్రీమ్స్‌పేట ఐస్‌ప్లాంట్:

అమ్మా, మాది చిత్తూరు. నేను చదివింది ఐటీఐ, రిఫ్రిజిరేషన్. మొదట్లో ఇక్కడి మామిడి పల్ప్ ఫ్యాక్టరీల్లో కోల్డ్ రూములు చూసేవాణ్ని. తర్వాత కొన్నేళ్లు శ్రీలంకలో ఉన్నాను. డిక్కోవిట హార్బరు దగ్గర, ఆ తర్వాత నెగొంబోలో. ఐస్ ప్లాంటు నడపడం, చేపల కోల్డ్ స్టోరేజీ చూసుకోవడం నా పని. కంపెనీ లెక్కలు నాకు తెలియవు గానీ చేప ఎక్కడ పాడవుతుందో, ఎందుకు పాడవుతుందో దగ్గర నుంచి చూశాను. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

ఎక్కువ చేపలు పట్టి ఆ దేశం ఎదగడం ఇక కష్టం. ఇప్పుడు పడుతున్న చేపనే చెడిపోకుండా ఒడ్డుకు చేరిస్తే మాత్రం ఎగుమతి చాలా పెరుగుతుంది. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

అక్కడ ట్యూనా పట్టేవి పెద్ద ఓడలు కావు. నలభై, యాభై అడుగుల ఫైబర్ బోట్లు, మల్టీడే బోట్లు అంటారు. ఐదారుగురు మనుషులు ఎక్కుతారు. మూడు వారాలు, నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు నడిసముద్రంలోనే ఉంటారు. చాలా బోట్లలో ఫ్రీజరు ఉండదు. బయలుదేరే ముందు అడుగు గదుల్లోకి బ్లాక్ ఐస్ పగలగొట్టి పోసుకుంటారు. వెళ్లేటప్పుడు ఉన్న ఐసే వచ్చేదాకా రావాలి. మూడో రోజు పడిన చేప ఆ ఐసులో దాదాపు నెలంతా ఉంటుంది. చివరి రోజుల్లో పడిన చేప నాలుగు రోజులు ఉంటుంది.

బోటు ఒడ్డుకు వచ్చి గది మూత తీసినప్పుడు మీరు అక్కడ ఉండాలి. పైవరసలో ఉన్న కెలవల్ల, అంటే మనం ఎల్లోఫిన్ ట్యూనా అనేది, తోలు మెరుస్తూ ఉంటుంది, కన్ను ఉబ్బి తేటగా ఉంటుంది. కొనేవాళ్ల మనిషి వచ్చి ముందు తోక దగ్గర అడ్డంగా చిన్న కోత కోస్తాడు. తర్వాత సన్నని గొట్టంలాంటి పుల్లను రెక్క వెనకగా గుచ్చి లోపలి కండ కొంచెం బయటికి లాగుతాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురులో చూస్తాడు. ఎర్రగా, తేటగా, కొంచెం కొవ్వు పట్టి ఉంటే మొదటి రకం. ఎరుపు మసకబారి గోధుమ రంగులోకి తిరిగి ఉంటే రెండు, మూడు మెట్లు దిగిపోతుంది. తర్వాత వెన్నెముక దగ్గరికి థర్మామీటరు దించుతాడు. లోతుకు పోయేకొద్దీ గదిలో ఐసు తక్కువ, నీళ్లు ఎక్కువ. అడుగువరస చేప మెత్తబడి, పొట్ట చీలి ఉంటుంది. ఒకే బోటు, ఒకే సముద్రం, ఒకే జాతి చేప. పైవరసలోది కటునాయక ఎయిర్‌పోర్టు నుంచి జపాన్‌కో యూరప్‌కో పోతుంది. అడుగువరసలోది లారీ ఎక్కి పేలియగొడ లోకల్ మార్కెట్టుకు పోతుంది. మనుషులు పడిన కష్టం రెండింటికీ ఒకటే. వచ్చే డబ్బు మాత్రం ఒకటి కాదు. అది చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయేది.

మీ ల్యాబ్‌లో మీరు యాంటీబయాటిక్‌ల కోసం వెతుకుతారు. ట్యూనాలో వెతికేది హిస్టమిన్, ఆ తర్వాత పాదరసం. చేప చచ్చిన తర్వాత చల్లదనం తగ్గితే బ్యాక్టీరియా దాని కండలోని హిస్టిడిన్‌ని హిస్టమిన్‌గా మారుస్తుంది. ఒకసారి తయారైందంటే వండినా పోదు, ఫ్రీజ్ చేసినా పోదు, డబ్బాలో పెట్టి ఉడికించినా పోదు. యూరప్‌కు పోయే సరుకులో తొమ్మిది శాంపిళ్లు తీస్తారు. సగటున కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు, ఏ ఒక్కటీ 200 దాటకూడదు. నేను పనిచేసిన చోట ఒకసారి కంటైనరు మొత్తం వెనక్కి వచ్చింది. ఫ్యాక్టరీలో మూడు రోజులు విచారణ చేశారు. చివరికి తేలింది ఏమిటంటే ఫ్యాక్టరీలో తప్పేమీ లేదు. ఆ చేప బోటు మీదే ఎండలో డెక్కు పైన గంటల తరబడి ఉండిపోయింది, అదీ గిల్ నెట్‌లో, అంటే నీళ్లలో నిలువుగా వేలాడే వలలో, రాత్రంతా చచ్చి ఉన్న తర్వాత. గాలాల తాడు, అంటే లాంగ్‌లైన్ మీద పడితే చేప బతికి ఉండగానే పైకి లాగవచ్చు, అప్పటికప్పుడు రక్తం తీసి ఐసులో పెట్టవచ్చు. అందుకే గిల్ నెట్ నుంచి లాంగ్‌లైన్‌కు మారిన బోట్ల చేపకు కొనేవాళ్లు ఎగబడతారు.

ఇక కాగితాలు. చేప ఎంత బాగున్నా కాగితం లేకపోతే యూరప్ గడప దాటదు. 2012 నవంబరులో యూరోపియన్ యూనియన్ వాళ్లు శ్రీలంకకు పసుపు కార్డు, అంటే హెచ్చరిక, చూపించారు. నడిసముద్రంలో బోట్ల మీద నిఘా లేదు, తప్పు చేసినవాళ్లకు శిక్ష లేదు అని. 2014 అక్టోబరులో ఎర్ర కార్డు వచ్చింది, 2015 జనవరి నుంచి దిగుమతి ఆపేశారు. 2016 జూన్‌లో గానీ ఎత్తివేయలేదు. ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరలో యూరప్ ధర చూసి అప్పు చేసి బోటు కట్టించుకున్నవాళ్ల గతి ఏమైందో నెగొంబోలో ఏ వీధిలో అడిగినా చెప్తారు. అయితే ఆ దెబ్బతోనే వెయ్యికి పైగా బోట్లకు ఉపగ్రహంతో కనిపెట్టే యంత్రాలు బిగించారు, లాగ్‌బుక్‌లు రాయడం మొదలుపెట్టారు. ఈరోజు ఆ దేశానికి ఉన్న బలం అదే.

చేప తగ్గిపోతోందా అని అడిగారు. హిందూ మహాసముద్రంలో ట్యూనా లెక్కలు చూసే కమిషన్ ఉంది, ఐఓటీసీ అంటారు, ఆఫీసు సీషెల్స్‌లో. ఎల్లోఫిన్‌ను హద్దు మీరి పట్టేస్తున్నారని 2015లో తేల్చి, మరుసటి ఏడాది కోతలు నిర్ణయించారు. 2024లో వేసిన కొత్త అంచనాలో పరిస్థితి మెరుగుపడిందని వచ్చింది. కాబట్టి చేప అయిపోతుందన్న భయం అక్కర్లేదు. అలాగని ఎవరికి తోచినంత వాళ్లు పట్టుకోవచ్చని కూడా కాదు. తీరం దగ్గర చేప సంగతి వేరు. 2018లో నాన్సెన్ అనే పరిశోధన నౌక శ్రీలంక చుట్టూ తిరిగి చూసినప్పుడు, నలభై ఏళ్ల కిందటి సర్వేతో పోలిస్తే బాగా తగ్గిందని తేలింది. మిగిలిన దారి నేను ముందే చెప్పింది: ఉన్న చేపకు ధర తెచ్చుకోవడం.

2022 సంగతి. డీజిల్ లేక బోట్లు హార్బరులో వరసగా కట్టేసి ఉండేవి. చిన్న పడవలకు వాడే కిరోసిన్ ఆ ఆగస్టులో లీటరు 87 రూపాయల నుంచి 340కి ఎగబాకింది. అప్పుడు ఎగుమతి కంపెనీలకు డాలర్లు వస్తున్నాయి, అయినా బోటు కదిలితేనే కదా చేప. మరుసటి ఏడాది మార్చిలో ఐఎంఎఫ్ అప్పు వచ్చాక నెమ్మదిగా కుదురుకుంది. ఇంధనం ధర ఈ వ్యాపారానికి ఎప్పుడూ మెడ మీద కత్తే.

ఇప్పుడు మీ విషయం. రొయ్యల ల్యాబ్ నుంచి వచ్చినవాళ్లకు ట్యూనా రాదేమోనన్న భయం వద్దు. హెచ్‌ఏసీసీపీ, అంటే సరుకు ఏ దశలో పాడవుతుందో ముందే కనిపెట్టి అడ్డుకునే పద్ధతి, మీకు కొత్త కాదు, ఆడిట్‌లు కొత్త కాదు. కానీ కంపెనీని ఈ నాలుగు విషయాలు అడగండి. వాళ్లకు సొంత బోట్లు ఉన్నాయా, వేలంలో కొంటారా? కొనే బోట్లు ఎన్ని రోజులు సముద్రం మీద ఉంటాయి? లాంగ్‌లైన్ ఎంత, గిల్ నెట్ ఎంత? హార్బరులో చేప దించేటప్పుడు క్వాలిటీ మనిషి ఉంటాడా, ఫ్యాక్టరీ గేటు దగ్గరే చూస్తారా? ఈ జవాబులు వస్తే ఆ కంపెనీ ఎదుగుతుందో లేదో మీకే తెలిసిపోతుంది.


తిరుపతి ల్యాబ్:

అన్నా, ఇంత ఓపికగా రాసినందుకు చాలా థ్యాంక్స్. మా ఆయనకు చదివి వినిపించాను. కంటైనరు వెనక్కి వచ్చిన సంగతి విని ఆయన కూడా ఆలోచనలో పడ్డారు.

ఇంకో రెండు అడుగుతాను. మా పెద్దమ్మ కొడుకు మాలేలో హోటల్లో పనిచేస్తున్నాడు. ట్యూనా అంటే మాల్దీవులే, పోతే అక్కడికి పో అంటున్నాడు. వాళ్లు గాలంతోనే పడతారట, ప్రపంచమంతా పేరు ఉందట. రెండోది, యూరప్‌లో శ్రీలంకకు సుంకం మినహాయింపు ఉందని చదివాను. అది ఎన్నాళ్లు ఉంటుంది? అది పోతే మళ్లీ మా ప్లాంట్ కథే అవుతుందేమోనని భయం.


సూళ్లూరుపేట చెరువులు:

అక్కా, పెద్దాయన ట్యూనా గురించి చెప్పారు కాబట్టి నేను రొయ్య గురించి చెప్తాను. మాది పులికాట్ పక్క ఊరు. మా నాన్న టైగర్ రొయ్య వేసిన రోజుల నుంచి నేను చెరువు గట్టు మీదే పెరిగాను. ఇప్పుడు వనామీ రకం రొయ్య వేస్తున్నాం. శ్రీలంకలో పుత్తలం, చిలావ్ వైపు చెరువులు చూసి రావడానికి మా రైతులం కొందరం వెళ్లాం.

అక్కడ రొయ్యల చెరువులు దాదాపు అంతా ఆ వాయవ్య తీరంలోనే. ఒకే కాలువ, ఒకే ఉప్పునీటి సరస్సు నీళ్లు అందరికీ. ఒకడు రోగం నీళ్లు వదిలితే పక్కవాడు తోడుకుంటాడు. 1990ల్లో తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులు ఎండిపోయాయి, మనకు నెల్లూరులో వచ్చినట్టే. కానీ వాళ్లు తర్వాత ఒక పని చేశారు, దానికి నేను చేతులెత్తి మొక్కుతాను. ప్రాంతాన్ని జోన్లుగా విడగొట్టి, ఏ జోన్ వాళ్లు ఏ నెలలో రొయ్య పిల్ల వదలాలో క్యాలెండర్ వేసుకున్నారు. రైతు సంఘాలు, ప్రభుత్వం కలిసి కూర్చుని వేసుకునే క్యాలెండర్ అది. తన నెల రాకపోతే రైతు ఆగుతాడు. మా దగ్గర అలా ఒక్క ఊళ్లో అమలు చేయడానికి ఎంత ప్రయత్నించామో, కుదరలేదు. ధర ఉన్నప్పుడు ఎవరూ ఆగరు.

అయితే రొయ్యలో వాళ్లు మనల్ని దాటిపోతారని నేను అనుకోను. భూమి తక్కువ, మేత దిగుమతి, కరెంటు ఖరీదు. చాలా ఏళ్లు టైగర్ మీదే ఉండి వనామీకి ఆలస్యంగా వచ్చారు. మీరు వెళ్లేది ట్యూనా కంపెనీకే కాబట్టి అది మీకు అడ్డం కాదు. కానీ ఆ కంపెనీవాళ్లు రేపు రొయ్య కూడా మొదలుపెడతాం, మీకు అనుభవం ఉంది కదా చూసుకోండి అంటే, ముందు నీళ్లు ఎక్కడి నుంచి తోడుతారని అడగండి.


గ్రీమ్స్‌పేట ఐస్‌ప్లాంట్:

తమ్ముడు చెప్పిన క్యాలెండర్ సంగతి నిజం. పుత్తలం దారిలో నేనూ చూశాను.

అమ్మా, మాల్దీవుల గురించి మీ అన్న చెప్పింది తప్పేమీ కాదు. అక్కడ ట్యూనాకు వల వేయడమే నిషేధం. బతికిన చిన్న చేపలను ఎరగా నీళ్లలోకి చల్లి, బోటు వెనక నుంచి నీళ్లు చిమ్ముతూ, పొడుగాటి కర్రల గాలాలతో ఒక్కొక్క చేపనే లాగుతారు. 2012లోనే వాళ్ల స్కిప్‌జాక్ అనే రకం ట్యూనాకు ఎంఎస్‌సీ ముద్ర, అంటే సముద్రానికి హాని లేకుండా పట్టారన్న గుర్తింపు, వచ్చింది. ఆ ముద్ర చూసి కొనే సూపర్ మార్కెట్లు బ్రిటన్‌లో, యూరప్‌లో ఉన్నాయి. కానీ వాళ్ల కష్టం చూడండి. 2011లో పేద దేశాల జాబితా నుంచి బయటికి వచ్చారు. దాంతో 2014 నుంచి యూరప్‌లో సుంకం రాయితీ పోయింది. డబ్బా ట్యూనా మీద అక్కడ సుంకం 24 శాతం. చేతి గాలంతో పట్టిన చేప, సముద్రానికి ఏ హానీ చేయని చేప, ఆ 24 శాతం కట్టుకుని పోటీ పడాలి. పట్టిన స్కిప్‌జాక్‌లో చాలా భాగం గడ్డకట్టించి థాయ్‌లాండ్‌కు పంపేస్తారు. డబ్బాలో పెట్టిన తర్వాత వచ్చే లాభం అక్కడివాళ్లకు పోతుంది. ఉద్యోగాలు ఉన్నాయి కానీ ఫ్యాక్టరీలు కొన్నే, అవీ దూరం దూరం దీవుల్లో. పాపను తీసుకుని ఉండటం కష్టం. నెగొంబోలో స్కూళ్లు ఉన్నాయి, ఆసుపత్రులు ఉన్నాయి. మన చిత్తూరు వైపు వాళ్లకు అరవం అర్థమవుతుంది కాబట్టి బజారులో సగం పని సాగిపోతుంది. ఫ్యాక్టరీలో మాత్రం సింహళం నేర్చుకోవాలి. నేర్చుకోండి, పని చేసే ఆడపిల్లలు మనసు విప్పి తప్పులు చెప్పేది వాళ్ల భాషలో అడిగినప్పుడే.

ఇక రాయితీ. శ్రీలంకకు ఉన్నది జీఎస్పీ ప్లస్ అనే యూరప్ సుంకం రాయితీ పథకం. 2010 ఆగస్టులో మానవ హక్కుల కారణం చూపి ఒకసారి తీసేశారు. 2017 మేలో తిరిగి ఇచ్చారు. ఇప్పుడు నడుస్తున్న పథకం 2027 చివరి వరకు పొడిగించారు. మీ కాంట్రాక్టు మూడేళ్లంటే ఆ గడువు మీ కాలంలోనే వస్తుంది. మీ భయం అర్థం లేనిది కాదు. కంపెనీ సరుకులో ఎంత భాగం యూరప్‌కు పోతుంది, ఎంత జపాన్‌కు, ఎంత అమెరికాకు పోతుందో అడగండి. ఒక్క చోటికే ముప్పావు వంతు పోతోందంటే నేనైతే ఆలోచిస్తాను.

దీన్ని మన చిత్తూరు మామిడి నుంచే నేర్చుకున్నాను. 2025లో తోతాపురి ఏమైందో మీరూ చూసి ఉంటారు. పల్ప్ ఫ్యాక్టరీల్లో అంతకుముందు ఏడాది డ్రమ్ములు అమ్ముడుపోకుండా ఉన్నాయి. బయటి దేశాల నుంచి ఆర్డర్లు లేవు. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. కాయ మగ్గిపోయి రోడ్డు పక్కన పారబోశారు. చివరికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది, మొత్తం 12 అని తేల్చాల్సి వచ్చింది. పండించినవాడి తప్పేమీ లేదు అందులో. కొనేవాళ్లు కొద్దిమందే అయిపోతే, వాళ్లు ఆగిన రోజు మనం ఆగిపోతాం. ట్యూనా అయినా అంతే, మీ రొయ్య అయినా అంతే.

ఇంకొకటి చెప్పాలి. ఉత్తరాన జాఫ్నా, మన్నార్ వైపు నీలి పీత వ్యాపారం ఉంది, పీత మాంసం తీసి పాశ్చరైజ్ చేసి ఎక్కువగా అమెరికాకు పంపుతారు. యుద్ధం ముగిశాక అక్కడ ఆడవాళ్లకు దొరికిన మంచి పని అది. అయితే అమెరికా సముద్ర క్షీరదాల చట్టం ఒకటి ఉంది. వలల్లో డాల్ఫిన్లు పడి చచ్చిపోయే దేశాల సరుకును ఆపే అధికారం దానికి ఉంది. గిల్ నెట్ మీద ఆధారపడిన ఏ సరుకుకైనా ఆ చట్టం తలనొప్పి. ట్యూనా కంపెనీకి కూడా. అందుకే లాంగ్‌లైన్ గురించి అడగమన్నాను.

నెగొంబోలో మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలులకు సముద్రం పోటెత్తుతుంది. బోట్లు చాలా వరకు తూర్పుకు, ట్రింకోమలీ వైపు పోతాయి. ఆ నెలల్లో చేప అక్కడి నుంచి లారీలో దీవిని అడ్డంగా దాటి వస్తుంది. ఆ దారిలో చల్లదనం ఎవరు చూస్తున్నారో కూడా కనుక్కోండి.


బైరాగిపట్టెడ ట్రావెల్స్:

పెద్దాయన రాసింది చదివాక నేను ముందు చెప్పిన దానికి ఒకటి కలుపుతున్నా. నిన్న నా కారులో వచ్చినాయన నెగొంబో మనిషే. 2021లో వాళ్ల తీరంలో ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే ఓడ కాలి మునిగిపోయినప్పుడు ఒడ్డంతా ప్లాస్టిక్ గుళికలు కొట్టుకొచ్చాయట, చేపల వేట ఆపేశారట, చేప కొనడానికి జనం భయపడ్డారట. నిలదొక్కుకున్నారా అని అడిగితే, ‘సముద్రం మీద బతికేవాళ్లం, వేరే దారేముంది’ అన్నాడు. అక్కా, మీరు పాపను తీసుకునే వెళ్లండి. విడిగా ఉండి సంపాదించేది వద్దు.


తిరుపతి ల్యాబ్:

కంపెనీతో నిన్న వీడియో కాల్‌లో మాట్లాడాను. అన్న చెప్పిన నాలుగు ప్రశ్నలు, మామిడి దగ్గర చెప్పిన ఐదోదీ కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. అవతల ఫ్యాక్టరీ డైరెక్టరు, ఒక ప్రొడక్షన్ మేనేజరు. మొదటి ప్రశ్నకే ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

సొంత బోట్లు కొన్నే. ఎక్కువ చేప హార్బరులో కొంటారు. లాంగ్‌లైన్ చేపే కొంటామని చెప్పారు గానీ, చేప తక్కువ వచ్చే నెలల్లో వేరేదీ తీసుకుంటామని ప్రొడక్షన్ మేనేజరు ఒప్పుకున్నారు. ఎన్ని రోజుల ట్రిప్పు చేప కొంటారంటే, దానికి హద్దు ఏమీ పెట్టుకోలేదన్నారు. సరుకు యూరప్‌కు సగం లోపు, మిగతాది జపాన్, అమెరికా, బ్రిటన్. హార్బరులో చేప చూసి కొనేది పర్చేజ్ విభాగం మనిషి. క్వాలిటీ వాళ్లు ఫ్యాక్టరీ గేటు దగ్గర థర్మామీటరు పెడతారు. అంటే కొన్న తర్వాత చూస్తారు.

నేను ఒక్కటే అడిగాను. హార్బరులో చేప దించే చోట క్వాలిటీ మనుషులు ఇద్దరు నా కింద ఉండాలి, వాళ్లు వద్దన్న చేపను పర్చేజ్ వాళ్లు కొనకూడదు, ఇది నా ఆఫర్ లెటర్‌లో ఉండాలి అని. డైరెక్టరు వెంటనే అవుననలేదు, కాదనలేదు. వారంలో చెప్తామన్నారు. ఆ మాట రాతలో వస్తేనే వెళ్తాను. రాకపోతే ఇక్కడే ఉంటాను, అమెరికా సుంకం సంగతి ఏదైతే అదవుతుంది. మా ఆయన కూడా దీనికి సరే అన్నారు. పాప స్కూలు గురించి కూడా అడిగాం, ఇంగ్లిష్ మీడియం దగ్గర్లోనే ఉందట.

అన్నా, ఇంకేమైనా అడగాల్సి ఉంటే ఈ వారంలోపే చెప్పండి.


గ్రీమ్స్‌పేట ఐస్‌ప్లాంట్:

మంచి షరతు పెట్టారమ్మా. దాంతో పాటు ఇంకొకటి అడగండి. వాళ్ల సొంత బోట్లు బయలుదేరే రోజు ఎంత ఐసు ఎక్కించారో తూకం వేసి రాసే రిజిస్టరు మీ చేతికి ఇవ్వమనండి. డీజిల్ ఖర్చు పెరిగిన నెలలో బోటువాళ్లు బరువు తగ్గించడానికి ముందుగా తగ్గించేది ఐసునే. ఆ ఐసు ఏ నీళ్లతో చేస్తున్నారో ప్లాంటుకు స్వయంగా వెళ్లి చూసి, శాంపిల్ తీసి మీ ల్యాబ్‌లోనే పరీక్ష చేయించండి. హార్బరు దగ్గరి ఐస్ ప్లాంట్లలో బోరు నీళ్లు వాడేవి ఉంటాయి, క్లోరిన్ కలపడం మానేసేవి ఉంటాయి. నాకు తెలిసిన ప్లాంట్లలో ఏది శుభ్రంగా ఉండేదో ఫోన్‌లో చెప్తాను, ప్రైవేటు మెసేజ్‌లో నంబరు పంపండి.